వెనిగర్ వద్దు: సముద్ర ఆమ్లీకరణను సీసాలో పరీక్షించే పద్ధతి

సముద్ర ఆమ్లీకరణ గురించి పాఠం చెప్పమంటే చాలామంది గవ్వనో సుద్దముక్కనో వెనిగర్‌లో వేసి చూపిస్తారు. బుసబుసమని నురగ వస్తుంది, గవ్వ కరుగుతుంది, చూసేవాళ్లు నోరు తెరుస్తారు. ఈ ప్రయోగమంటే నాకు మొదటినుంచీ చిరాకే. పీహెచ్ అంటే నీటి ఆమ్లతను చెప్పే అంకె: 7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. వెనిగర్ పీహెచ్ రెండున్నర ప్రాంతంలో ఉంటుంది. సముద్రపు పైపొర నీటి పీహెచ్ సగటున 8.1. పారిశ్రామిక యుగానికి ముందు అది 8.2 దగ్గర ఉండేది. అంటే సముద్రం ఇప్పటికీ క్షారమే, ఈ శతాబ్దం చివరికి కూడా క్షారంగానే ఉంటుంది. వెనిగర్‌లో కరిగిన గవ్వను చూసి ఇంటికెళ్లినవాళ్లు సముద్రం ఆమ్లపు తొట్టి అవుతోందనుకుంటారు. ఆ తర్వాత ఎవరైనా ‘అది ఇంకా క్షారమే కదా’ అంటే అంతా బూటకమనుకుంటారు. రెండూ తప్పే.

సముద్ర రసాయన ప్రయోగశాలలో విద్యార్థుల చేత ఈ పని చేయించడం నా వృత్తి. ఒక గది, కొన్ని గాజు సీసాలు, ఓ మాదిరి సూక్ష్మదర్శిని ఉంటే ఎవరైనా చేయగలిగే పద్ధతి ఇది. దీంతో గొప్ప పరిశోధనేమీ జరగదు. కానీ నీటిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే ప్లవకాలకు, అంటే నీటిలో తేలుతూ బతికే చిన్న జీవులకు, వాటితో ముడిపడిన పోషకాలకు ఏమవుతుందో సరైన దిశలో కనబడుతుంది.

ముందు ఒక్క విషయం గట్టిగా పట్టుకోవాలి. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ నీటిలో కరిగితే కార్బానిక్ ఆమ్లం తయారై, అందులోంచి ఒక హైడ్రోజన్ అయాను, ఒక బైకార్బొనేట్ అయాను విడిపోతాయి. ఆ హైడ్రోజన్ ఊరుకోదు. నీటిలో అప్పటికే ఉన్న కార్బొనేట్ అయానును పట్టుకుని దాన్నీ బైకార్బొనేట్‌గా మార్చేస్తుంది. మామూలు సముద్రపు నీటిలో కరిగివున్న అకర్బన కార్బన్‌లో సుమారు 90 శాతం బైకార్బొనేట్, 9 శాతం కార్బొనేట్, ఒక శాతం మాత్రమే కార్బన్ డయాక్సైడ్. గవ్వ కట్టుకునే జీవికి కావలసింది ఆ 9 శాతం. కిరణజన్య సంయోగక్రియ చేసే జీవికి పనికొచ్చేవి మిగిలిన రెండూ. గాలిలో కార్బన్ డయాక్సైడ్ 280 పీపీఎం (పది లక్షల పాళ్లలో 280) నుంచి 420 దాటేసరికి ఒకరి సరుకు తగ్గింది, మరొకరి సరుకు పెరిగింది. ప్లవకాల కథంతా ఈ ఇద్దరి మధ్యే నడుస్తుంది.

అందుకే నీటిని ఏ దారిలో ఆమ్లం వైపు జరిపామన్నది ఎంత జరిపామన్నదంత ముఖ్యం. వెనిగర్ పోస్తే పీహెచ్ తగ్గుతుంది కానీ, ఆమ్లాన్ని తట్టుకునే శక్తి, అంటే మేం క్షారత అని పిలిచేది కూడా తగ్గుతుంది. మొత్తం కార్బన్ మాత్రం పెరగదు. అసలు సముద్రంలో జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు: క్షారత మారదు, కార్బన్ పెరుగుతుంది. పైగా వెనిగర్‌లోని అసిటేట్ బ్యాక్టీరియాకు విందు. రెండు రోజుల్లో సీసా మసకబారితే అది ఆమ్లీకరణ ప్రభావమని రాసుకుంటారు, పాపం.

నీరు తేవడం

గట్టి బిరడా ఉన్న గాజు సీసాలు తీసుకోండి. ప్లాస్టిక్ గోడల గుండా వాయువు మెల్లగా జారుతుంది కాబట్టి అది వద్దు. సీసాలను సబ్బుతో కడగకండి, చాలా సబ్బుల్లో ఫాస్ఫేట్ ఉంటుంది. తర్వాత పోషకాలు కొలిచేటప్పుడు మీరు కొలిచేది సముద్రాన్ని కాదు, సబ్బును. పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడిగి, స్వేదనజలంతో పలుమార్లు తొలిచి, చివరగా అదే సముద్రపు నీటితో తొలవాలి.

అలలు విరిగే చోట నీరు పట్టకండి. అక్కడ ఇసుక ఎక్కువ, బుడగలు ఎక్కువ. నదీముఖాలకు, మురుగు కలిసే చోట్లకు దూరంగా, పడవ మీంచో జెట్టీ చివర నుంచో తోడండి. బకెట్‌లోంచి సీసాలోకి ధారగా పోస్తే గాలి కలుస్తుంది. సన్నని రబ్బరు గొట్టం ఒక కొసను సీసా అడుగున ఆనించి, కింది నుంచి నింపాలి. నిండాక కూడా ఆపకుండా సీసా పరిమాణమంత నీరు పొర్లిపోనిచ్చి, గొట్టం మెల్లగా తీసి, లోపల ఒక్క బుడగ కూడా లేకుండా బిరడా వేయండి. తలకిందులు చేసి చూడండి. బుడగ పైకి లేస్తే మళ్లీ నింపాల్సిందే. ఈ పనిలో విసుక్కునేవాళ్లను చూస్తూనే ఉంటాను. కానీ ఆ చిన్న బుడగలోని గాలికీ నీటికీ మధ్య కార్బన్ డయాక్సైడ్ అటూ ఇటూ మారుతూనే ఉంటుంది.

నీటి ఉష్ణోగ్రత, సమయం అక్కడికక్కడే రాసుకోండి. సమయం ఎందుకంటే, తీరం దగ్గర ప్లవకాలు, నాచు పగలంతా కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుంటాయి, రాత్రంతా వదులుతాయి. ఒక్క రోజులోనే పీహెచ్ 0.1 నుంచి 0.5 దాకా ఊగిన తీరాలున్నాయి. పొద్దున తెచ్చిన సీసానూ సాయంత్రం తెచ్చిన సీసానూ పోల్చి ‘సముద్రం మారిపోయింది’ అంటే కుదరదు.

ఇంటికి తెచ్చాక, సుమారు 200 మైక్రాన్ల (0.2 మిల్లీమీటర్ల) కన్నులున్న వలగుడ్డ గుండా నీటిని మెల్లగా దించండి. వృక్ష ప్లవకాలు అందులోంచి జారిపోతాయి, వాటిని మేసే కోపెపాడ్‌ల వంటి పెద్ద జంతు ప్లవకాలు పైన ఆగుతాయి. ఒక సీసాలో రెండు కోపెపాడ్‌లు, పక్క సీసాలో ఒక్కటీ లేకుండా ప్రయోగం మొదలైతే చివరికి కనబడేది వాటి ఆకలే. ఆగిన జంతు ప్లవకాలను పారేయకండి, వేరే సీసాలో ఉంచండి, వాటితోనూ పనుంది.

సముద్రానికి దూరంగా ఉన్నవాళ్లు కృత్రిమ సముద్రపు ఉప్పు కలిపి, హేచరీల్లో పెంచే శైవలాలను తెప్పించుకోవచ్చు. రెండు జాగ్రత్తలు. పగడాల అక్వేరియంల కోసం చేసే ఉప్పుల్లో చాలావాటికి క్షారత కావాలనే పెంచుతారు, కాబట్టి మామూలు సముద్రంలో చూసే మార్పు అందులో కనబడదు. రెండోది, హేచరీల్లో దొరికే ఐసోక్రైసిస్‌కు సున్నపు కవచం ఉండదు. సున్నపు పలకలతో ఒళ్లంతా కప్పుకునే ఎమిలియానియా హక్స్‌లీకి అది దగ్గరి బంధువే, కానీ దాని దగ్గర ఆ పలకలు వెతికితే దొరకవు.

పీహెచ్ కొలవడం, ఎంతవరకు నమ్మాలి

పీహెచ్ మానాన్ని 1909లో డెన్మార్క్ రసాయన శాస్త్రజ్ఞుడు సోరెన్‌సెన్ ప్రవేశపెట్టాడు. అది లాగరిథమ్ మానం కాబట్టి అంకెలు చిన్నగా కనబడి మోసం చేస్తాయి. 0.1 తగ్గితే హైడ్రోజన్ అయాన్లు 26 శాతం పెరిగినట్టు. 0.3 తగ్గితే రెట్టింపయినట్టు.

సముద్ర శాస్త్రజ్ఞులు దీర్ఘకాలపు మార్పును పట్టుకోవడానికి 0.003 కచ్చితత్వం కోరుకుంటారు. స్థానికంగా ఎక్కడ ఎక్కువ, ఎక్కడ తక్కువ అని తెలుసుకోవడానికి 0.02 సరిపోతుందంటారు. మెటాక్రెసాల్ పర్పుల్ అనే రంగు కలిపి, 434, 578 నానోమీటర్ల దగ్గర కాంతి శోషణ కొలిచి మొదటిది సాధిస్తారు. మీ చేతిలోని గాజు ఎలక్ట్రోడ్ మీటరుకు రెండోది అందితే అదృష్టమే. అందుకని సముద్రం పీహెచ్ ఇంత అని చాటడానికి ఆ మీటరును వాడకండి. ఈ సీసాకూ ఆ సీసాకూ తేడా ఎంత అని చూడటానికి వాడండి. ఆ పనిని అది చక్కగా చేస్తుంది.

పీహెచ్ 7, 10 బఫర్లతో, అంటే పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలతో, మీటరును సరిచూశాక ఎలక్ట్రోడును తీసి నేరుగా నమూనాలో ముంచకండి. బఫర్లలో ఉప్పు తక్కువ, సముద్రంలో ఎక్కువ, అందుకే అంకె చాలాసేపు జారుతూనే ఉంటుంది. పనికిరాని సముద్రపు నీటిలో కాసేపు నానబెట్టి, అంకె నిలకడగా నిలిచాక నమూనాలోకి మార్చండి. ఇంకో చిక్కు. మామూలు బఫర్లతో వచ్చిన అంకెకూ, శాస్త్ర పత్రాల్లో ‘టోటల్ స్కేల్’ మీద ఇచ్చే అంకెకూ 0.1 కంటే కాస్త ఎక్కువ తేడా ఉంటుంది. రెండింటినీ ఒకే గీత మీద పెట్టి పోల్చకూడదు.

ఉష్ణోగ్రత సంగతి మరీ ముఖ్యం. అదే నీరు, అదే సీసా, ఒక డిగ్రీ వేడెక్కితే పీహెచ్ సుమారు 0.015 తగ్గుతుంది. 22 డిగ్రీల దగ్గర కొలిచిన నీటిని గదిలో 28కి రానిచ్చి కొలిస్తే 0.09 తగ్గుదల కనబడుతుంది. పారిశ్రామిక విప్లవం నుంచి ఇప్పటిదాకా సముద్రంలో వచ్చిన మార్పు కూడా దాదాపు అంతే. మీటరులో ఉష్ణోగ్రత సవరణ ఉందిగా అని నిశ్చింతగా ఉండకండి. అది ఎలక్ట్రోడ్ స్పందనను సరిచేస్తుంది, నీటి రసాయనాన్ని కాదు. అన్ని సీసాలనూ ఒకే నీటి తొట్టిలో నిలబెట్టి, ఒకే ఉష్ణోగ్రతకు వచ్చాక కొలవండి.

కార్బన్ డయాక్సైడ్ ఎక్కించడం

అసలు పని ఇది. మొత్తం నీటిలోకి వాయువు బుడగలు వదిలితే ప్లవకాలు నలుగుతాయి. అందుకని కొద్ది నీటిని కార్బన్ డయాక్సైడ్‌తో బాగా నింపి, దాన్ని మిగతా నీటిలో కొలిచి కలపడం మేలు.

మూడు సీసాలు వరసగా పెట్టండి. మొదటిదానిలో 10 గ్రాముల వంట సోడా, కొద్దిగా నీళ్లు. 8 గ్రాముల నిమ్మ ఉప్పును, అంటే సిట్రిక్ ఆమ్లాన్ని, విడిగా నీటిలో కరిగించి సిరంజితో చుక్కచుక్కగా అందులోకి వదలాలి. దీని నుంచి దాదాపు మూడు లీటర్ల వాయువు వస్తుంది. ఆ వాయువు గొట్టం ద్వారా రెండో సీసాలోని మంచినీటి గుండా బుడగలుగా పోవాలి. మొదటి సీసా నుంచి ఎగిరొచ్చే తుంపరలను ఈ నీరు పట్టేస్తుంది. ఇది అనవసరమనిపించి వదిలేసేవాళ్లుంటారు. సిట్రేట్ ఇనుమును గట్టిగా పట్టుకునే పదార్థం. ప్లవకాలకు నీటిలో ఇనుము నానోమోల్ లెక్కన, అంటే అతి సూక్ష్మ పరిమాణంలో మాత్రమే దొరుకుతుంది. నాలుగు తుంపరలు చాలు, ప్రయోగం ఆమ్లీకరణ మీద కాకుండా ఇనుము మీద నడవడానికి. మూడో సీసాలో సన్నని వడపోత కాగితంతో వడకట్టిన సముద్రపు నీరు 250 మిల్లీలీటర్లు పోసి, గొట్టం కొసను అడుగు దాకా దించండి. దీని మూతికి బిరడా వేయకండి, మిగులు వాయువు బయటికి పోవాలి. మూసిన సీసాలో వాయువు పేరుకుంటే సీసా పేలుతుంది. గది కిటికీలు కూడా తెరిచే ఉంచండి.

పది, పదిహేను నిమిషాలు బుడగలు పోయాక మూడో సీసా పీహెచ్ 5 దగ్గరికి దిగుతుంది. చాలు. ఈ నీటిని సిరంజితో లాగి, ప్లవకాలున్న లీటరు సీసాలో అడుగున మెల్లగా వదలండి. 8.1 నుంచి 7.8కి దించడానికి లీటరుకు నాలుగు నుంచి ఎనిమిది మిల్లీలీటర్లు పడుతుంది. వాయువు ఎంత బాగా ఎక్కిందన్నదాన్ని బట్టి కచ్చితమైన లెక్క మారుతుంది. అందుకే రెండేసి మిల్లీలీటర్లు పోస్తూ, సీసాను పక్కకు మెల్లగా దొర్లిస్తూ, కొలుస్తూ పొండి. లీటరు నీటి ముందు ఇంత చిన్న పరిమాణం కాబట్టి ఉప్పదనం, క్షారత, పోషకాలు దాదాపు మారవు. పోల్చడానికి మార్చకుండా ఉంచిన సీసాల్లోకి కూడా అంతే పరిమాణంలో, వాయువు ఎక్కించని వడకట్టిన నీటిని పోయండి.

బజారులో దొరికే సోడా నీరు వాడొచ్చా అని ప్రతి విడతలోనూ ఎవరో ఒకరు అడుగుతారు. అది మంచినీటితో చేసింది, అందులో వేరే లవణాలు కూడా కలిపి ఉండొచ్చు. వద్దు. స్ట్రాతో ఊదితే? మనం వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ 4 శాతం, అంటే బయటి గాలిలో ఉన్నదానికి దాదాపు వంద రెట్లు. వడకట్టిన నీటిలో రంగు మారడం చూపించడానికి అది చక్కని ప్రదర్శన. ప్లవకాలున్న సీసాలోకి మాత్రం నోటి బ్యాక్టీరియాను పంపకండి.

మూడు స్థాయులు పెట్టండి: మార్చని నీరు, 0.15 తగ్గించిన నీరు, 0.3 తగ్గించిన నీరు. ఒక్కొక్కదానికి మూడేసి సీసాలు. ఒక్కొక్క సీసాతో సరిపెడితే, ఏ సీసాలో ఏం జరిగినా కారణం ఆమ్లీకరణో, ఆ సీసా జాతకమో తెలియదు. మూతి దాకా నింపి మూసి, నేరుగా ఎండ పడని వెలుతురులో ఉంచి, రోజూ చోట్లు మార్చండి. రోజూ ఒకే గంటకు కొలవండి. ప్లవకాలు పెరిగేకొద్దీ కార్బన్ డయాక్సైడ్‌ను తినేసి పీహెచ్‌ను తామే పైకి లాగుతాయి. నాలుగైదు రోజుల్లో మీ 7.8 సీసా 8కి ఎక్కితే గాభరా పడనక్కరలేదు, దాన్ని రాసుకోండి. ఏ సీసా ఎంత వేగంగా ఎక్కిందన్నదే అక్కడ ఎంత పెరుగుదల జరిగిందో చెప్పే తొలి ఆధారం.

హేచరీ ఎరువు కలపాలనిపిస్తుంది, కలపకండి. శైవలాల పెంపకంలో వాడే ‘ఎఫ్ బై 2’ ద్రావణంలో నైట్రేట్ లీటరుకు 882 మైక్రోమోల్‌లు (మైక్రోమోల్ అంటే మోల్‌లో పది లక్షల వంతు) ఉంటుంది. పోషకాలు అడుగంటిన పైపొర సముద్రంలో అది తరచు ఒక మైక్రోమోల్ కూడా ఉండదు. అంత సమృద్ధిలో చిన్న తేడాలన్నీ మునిగిపోతాయి.

చూడటం, చూడటానికి ముందు చంపకుండా ఉండటం

ప్లవకాలను దాచిపెట్టే ద్రావణాల దగ్గర అనుభవజ్ఞులు కూడా జారతారు. వాడుకలో ఉన్న లూగాల్ ద్రావణంలో అయోడిన్, పొటాషియం అయొడైడ్‌లతో పాటు అసిటిక్ ఆమ్లం కలుపుతారు. డయాటమ్‌లకు, అంటే సిలికా పెంకున్న వృక్ష ప్లవకాలకు, దాని వల్ల పెంకు చెడదు. సున్నపు పలకలున్న కోకోలిథోఫోర్‌లకు మాత్రం కవచమంతా కరిగిపోతుంది. ఫార్మలిన్ నిల్వ ఉండేకొద్దీ దానంతటదే ఆమ్లమవుతుంది. ఒక నెల తర్వాత సీసా తెరిచి చూస్తే గవ్వలు పలచబడి, గరుకుదేలి ఉంటాయి. ఆ పని చేసింది సముద్రమా, మీ సీసానా? చెప్పే మార్గం లేదు. కాబట్టి ఆమ్లం కలపని లూగాల్‌ను వృక్ష ప్లవకాలకు, ఆల్కహాల్‌ను గవ్వలున్న జంతు ప్లవకాలకు వాడండి. ఫార్మలిన్ ఇంటి వస్తువు కాదు. ప్రయోగశాలలో వాడేవాళ్లు బోరాక్స్ కలిపి పీహెచ్ 8 పైన నిలపాలి. అన్నిటికంటే మంచిది, తెచ్చిన పూటే బతికున్నవాటిని చూడటం.

20 మైక్రాన్ల వలలో డయాటమ్‌లు పడతాయి. కోకోలిథోఫోర్‌లు 5 నుంచి 10 మైక్రాన్లే, వలలోంచి హాయిగా దాటిపోతాయి. వాటి కోసం నీటిని పొడవాటి గాజు గొట్టంలో ఒక రోజు కదలకుండా నిలబెట్టి, అడుగున పేరుకున్నది చుక్కగా తీయాలి. ఇప్పుడు ఒక చిన్న ఉపాయం. పాత కాలిక్యులేటర్ తెర మీద ఉండే ధ్రువణ పొరను రెండు ముక్కలు చేయండి. ఒకటి స్లైడు కింద, ఒకటి కంటికీ కటకానికీ మధ్య పెట్టి, పైదాన్ని తిప్పుతూ పొండి. ఒక కోణంలో దృశ్యమంతా చీకటవుతుంది. ఆ చీకట్లో కాల్సైట్, అంటే కోకోలిథోఫోర్ పలకల్లోని సున్నం, మాత్రం తెల్లగా మెరుస్తుంది. 400 రెట్ల దగ్గర ఓపిగ్గా చూస్తే విడిపడిన కోకోలిథ్ (ఆ సున్నపు పలక) ఒక్కొక్కటీ వెలుగు చుక్కలా, పెద్ద వాటి మీద నల్లని కత్తెర గుర్తుతో కనబడుతుంది. డయాటమ్‌ల సిలికా పెంకు మెరవదు. ఇసుక రేణువు మాత్రం మెరిసి మోసం చేస్తుంది. అక్కడ పనికొస్తుంది వెనిగర్: కవర్ గాజు అంచున ఒక చుక్క వదలండి, సున్నమైతే చూస్తుండగానే వెలుగు ఆరిపోతుంది, ఇసుకైతే అలాగే ఉంటుంది.

వేరుగా ఉంచిన జంతు ప్లవకాల్లో టెరోపాడ్ దొరికితే మీ పంట పండినట్టే. మిల్లీమీటరు పరిమాణంలో, గాజులా పారదర్శకమైన గవ్వతో, రెండు రెక్కలు ఆడిస్తూ ఈదుతుంది. దాని గవ్వ అరగొనైట్‌తో, అంటే సున్నంలోనే మరో రూపంతో, తయారవుతుంది. కాల్సైట్ కంటే అరగొనైట్ తేలిగ్గా కరుగుతుంది. అందుకే తొలి దెబ్బ తగిలేది వీటికే. దక్షిణ మహాసముద్రంలో పట్టిన బతికున్న టెరోపాడ్‌ల గవ్వలు కరగడం మొదలైన సంగతి 2012లోనే ప్రచురితమైంది. ఆరోగ్యమైన గవ్వ అద్దంలా ఉంటుంది, కరుగుతున్నది పాలిపోయి మసకబారుతుంది. మీ సీసాలో ఖాళీ గవ్వ వేసి మసకబారిందంటే బతికున్న జీవికీ అంతే అని తేల్చకండి. బతికున్నది లోపలి నుంచి మరమ్మతు చేసుకుంటుంది, ఆ మరమ్మతుకు శక్తి ఖర్చవుతుంది. పెరుగుదల, గుడ్లు పెట్టడం వంటి పనుల్లోంచి దాని ఖర్చు తేలాలి.

కోకోలిథోఫోర్‌ల సంగతి ఇంత సూటిగా ఉండదు. 2000లో వచ్చిన పరిశోధన కార్బన్ డయాక్సైడ్ పెరిగితే వాటి సున్నపు ఉత్పత్తి తగ్గుతుందని చూపింది. 2008లో మరో బృందం అదే ఎమిలియానియా హక్స్‌లీతో పెరుగుతుందని చూపింది. మొదటివారు ఆమ్లం, క్షారం కలిపి పీహెచ్ మార్చారు. రెండోవారు వాయువును బుడగలుగా పంపారు. జాతిలోని రకాల మధ్య తేడాలూ ఉన్నాయి. పద్ధతి గురించి నేనింత మొండిగా ఎందుకుంటానో ఆ రెండు పత్రాలు పక్కపక్కన పెట్టి చదివినవాళ్లకు అర్థమవుతుంది.

పోషకాల లెక్క

అక్వేరియం పరీక్షా పెట్టెతో సముద్రపు పైపొర నీటిని పరీక్షిస్తే నైట్రేట్ సున్నా అని వస్తుంది. నీటిలో ఏమీ లేదని కాదు. ఒక మైక్రోమోల్ నైట్రేట్ అంటే లీటరుకు 0.062 మిల్లీగ్రాములు. ఆ పెట్టె కంటికి అది ఆనదు. తక్కువ గాఢతలను కొలిచే రకం తెచ్చుకోండి, లేదా నమూనాను వడకట్టి గడ్డకట్టించి, కొలిచే సౌకర్యమున్న ప్రయోగశాలకు ఇవ్వండి.

అంకె వచ్చాక మిల్లీగ్రాములను మైక్రోమోల్‌లలోకి మార్చండి. నైట్రేట్ అయితే 1000తో గుణించి 62తో, ఫాస్ఫేట్ అయితే 1000తో గుణించి 95తో భాగించాలి. నైట్రేట్ 1.24 మిల్లీగ్రాములంటే 20 మైక్రోమోల్‌లు. ఫాస్ఫేట్ 0.12 అంటే 1.26. రెండింటి నిష్పత్తి 16కు దగ్గర. 1934లో అమెరికా సముద్ర శాస్త్రజ్ఞుడు ఆల్ఫ్రెడ్ రెడ్‌ఫీల్డ్ గమనించిన సంగతి ఇదే: ప్లవకాల ఒంట్లోనూ, లోతు నీటిలోనూ నత్రజని, భాస్వరం దాదాపు ఒకే పాళ్లలో ఉంటాయి. కార్బన్‌తో కలిపి 106:16:1 అని తర్వాత స్థిరపడింది. మీ సీసాల్లో తొలిరోజు, చివరిరోజు నిష్పత్తులు రాయండి. కార్బన్ డయాక్సైడ్ ఎక్కువైన సీసాలో ప్లవకాలు అదే నత్రజనికి ఎక్కువ కార్బన్ దాచుకుంటే, మేసే జీవికి కడుపు నిండినా బలం తక్కువ.

నత్రజనిలో నాకు బాగా నచ్చే ప్రయోగం చీకటి సీసాది. కొన్ని సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రైట్‌గా, మరికొన్ని దాన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. దీనికి వెలుతురు అక్కర్లేదు. నీటిలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది: అమ్మోనియం అయాను, అమ్మోనియా. ఈ సూక్ష్మజీవులు వాడుకునేది రెండోదాన్నని గట్టి ఆధారాలున్నాయి. 25 డిగ్రీల దగ్గర, పీహెచ్ 8.1లో మొత్తంలో దాదాపు 6 శాతం ఆ రూపంలో ఉంటుంది. 7.8లో 3 శాతం. అంటే మొత్తం ఏ మాత్రం తగ్గకుండానే వాటి కంచంలో తిండి సగమైంది. 2011లో వేర్వేరు సముద్రాల్లో చేసిన ప్రయోగాల్లో పీహెచ్ తగ్గినప్పుడు ఈ మార్పిడి వేగం ప్రతిచోటా తగ్గింది. రెండు సీసాలకు నల్లగుడ్డ చుట్టి, రెండింటిలో రెండేసి మైక్రోమోల్‌ల అమ్మోనియం క్లోరైడ్ వేసి, ఒకదానికి మాత్రం కార్బన్ డయాక్సైడ్ ఎక్కించి, రెండు వారాల పాటు నైట్రైట్, నైట్రేట్ చూడండి. ఓపిక కావాలి, ఈ జీవులు నెమ్మదస్తులు. సముద్రమంతటా ఇదే జరిగితే నైట్రేట్‌ను నమ్ముకున్న డయాటమ్‌లకు ఇబ్బంది, అమ్మోనియంతో సరిపెట్టుకునే చిన్న ప్లవకాలకు లాభం.

గాలిలోని నత్రజనిని నేరుగా బిగించే ట్రైకోడెస్మియం అనే సూక్ష్మజీవి విషయంలో 2007 నాటి ప్రయోగాలు కార్బన్ డయాక్సైడ్ పెరిగితే దానికి మేలన్నాయి. 2017లో, లోహాల కల్తీ లేకుండా శుభ్రంగా చేసిన ప్రయోగాల్లో, ఇనుము తక్కువున్న నీటిలో మేలు కంటే తగ్గిన పీహెచ్ చేసే కీడే ఎక్కువని తేలింది. ఇది ఇంట్లో చేసేది కాదు, అంత శుభ్రత మనకు సాధ్యం కాదు.

సిలికాను కూడా వదలకండి. డయాటమ్‌లకు సున్నంతో పని లేదు కాబట్టి వాటికి నష్టం లేదని చాలాకాలం అనుకున్నారు. 2022లో వచ్చిన పరిశోధన వేరే చెప్పింది: పీహెచ్ తగ్గితే సిలికా కరగడం నెమ్మదిస్తుంది. చచ్చిన డయాటమ్ పెంకు పైపొరల్లో కరగకుండా మరింత లోతుకు పోతుంది, సిలికా తిరిగి పైకి రాదు. కొత్త డయాటమ్‌లకు ముడిసరుకు కరువు. దీన్ని పరీక్షించడం తేలికే. డయాటమ్‌లను బాగా పెంచి, చీకట్లో పెట్టి చంపి, ఆ పెంకులను రెండు పీహెచ్‌లున్న నీటిలో వేసి, కరిగిన సిలికేట్‌ను వారం వారం కొలవండి. నీటిలో సిలికేట్ గాజు నుంచి కూడా ఊరుతుంది కాబట్టి ఈ ఒక్క ప్రయోగానికి మాత్రం ప్లాస్టిక్ సీసాలు, అవీ మూతి దాకా నింపి.

మునిగే వేగం

సీసాలో జరిగేదంతా పైపొర సంగతి. పోషకాల చక్రంలో సగం పని లోతుకు పోవడం. ఒంటరి ప్లవక కణం రోజుకు ఒక మీటరు కూడా దిగదు, దారిలోనే కుళ్లిపోతుంది. కోపెపాడ్ మలగుళికలు, ముద్దకట్టిన రేణువులు మాత్రం వేగంగా పోతాయి. వాటిలో సున్నం ఉంటే ఇంకా వేగం. కాల్సైట్ సాంద్రత 2.7, సముద్రపు నీటిది 1.025.

దీన్ని కొలవవచ్చు. వేరుగా ఉంచిన కోపెపాడ్‌లకు ప్లవకాల నీరు పెట్టి రాత్రంతా ఉంచితే పొద్దున అడుగున సన్నని గోధుమరంగు గుళికలు కనబడతాయి. ఒకదాన్ని డ్రాపర్‌తో తీసి, సముద్రపు నీరు నింపిన కొలజాడీలో పై మట్టానికి కొంచెం కింద వదలండి. పక్క నుంచి లైటు వేయండి. 10 సెంటీమీటర్లు దిగడానికి ఎంత సమయం పట్టిందో ఫోనులో చూసుకోండి. ఒకటిన్నర నిమిషం పడితే రోజుకు 100 మీటర్లకు కొంచెం తక్కువ వేగం. జాడీలో నీరు ఎక్కడైనా వెచ్చగా ఉంటే ప్రవాహాలు పుట్టి గుళిక తేలుతుంది, అందుకని జాడీని గంట ముందే కదలకుండా పెట్టాలి. సున్నమున్న ప్లవకాలు మేసిన గుళికలు, డయాటమ్‌లు మేసినవి, మరేదీ లేని పచ్చి శైవలాలు మేసినవి, మూడు రకాలూ దించి చూడండి. పైన గవ్వలు తగ్గితే ఆ బరువు తగ్గుతుంది, కార్బన్, నత్రజని, భాస్వరం తక్కువ లోతుల్లోనే విడుదలవుతాయి, అక్కడి ప్రాణవాయువును ఖర్చు చేయిస్తాయి. గుళికల వేగం కొలిచినవాళ్లకు ఈ వాక్యం నేను చెప్పక్కరలేదు, తేడా వాళ్ల పుస్తకంలోనే ఉంటుంది.

పుస్తకంలో ప్రతి వరుసకూ తేదీ, గంట, సీసా సంఖ్య, ఉష్ణోగ్రత, పీహెచ్ ఉండాలి, మీటరును ఏ రోజు సరిచూశారో కూడా ఉండాలి. పీహెచ్ ఒక్కటే రాస్తే నీటిలో కార్బొనేట్ ఎంతో తేలదు, దానికి క్షారత కూడా కావాలి. అక్వేరియం వాళ్లు వాడే క్షారత పరీక్ష ముతకదే అయినా తొలిరోజు, చివరిరోజు చేసి రాయండి. ఆ రెండు అంకెలు దాదాపు ఒకటే అయితే మీ ఆమ్లీకరణ సరైన దారిలో జరిగింది. క్షారత బాగా పడిపోతే సీసాలో సున్నం పేరుకుందా అని చూడండి, లేదంటే ఎక్కడో ఆమ్లం నేరుగా కలిసింది, ఆ సీసాను లెక్కలోంచి తీసేయండి. లూగాల్ కలిపిన నీటిని సముద్రంలోకి, కాలువలోకి పోయకండి, విటమిన్ సీ బిళ్ల వేస్తే అయోడిన్ రంగు పోతుంది, అప్పుడు సింకులో పారబోయవచ్చు. బయటి నుంచి తెప్పించిన శైవలాలున్న నీటిని మరిగించాకే పారబోయాలి.